అనుపలబ్ధియు అభావమును: వ్యాససూచికలలో అన్వేషణము

సిద్ధాంతవ్యాసముల ప్రథమప్రకరణమున తఱచుగా ఒక వాక్యము కనబడుచుండును. “ఈ విషయమును గూర్చి ఇంతవఱకు ఎవ్వరును పరిశోధన చేసియుండలేదు” అనునదియే ఆ వాక్యము. పరిశోధకుని శ్రమకు గల ఆవశ్యకతను నిరూపించునది ఇదియే గావున సిద్ధాంతవ్యాసమున దీనికి పునాదిరాతికి గల స్థానము కలదు. ఒకప్పుడు దీనిని వ్రాయుటకు పరిశోధకుడు జంకెడివాడు. నాలుగు గ్రంథాలయములు తిరిగి, పాతపత్రికల సంపుటములను పుటపుటయు పరికించి, ఆ విషయమున కృషిచేసిన పెద్దలను అడిగి, అటుపిమ్మట కూడ “తెలిసినంతవఱకు” అను మాటను ముందుచేర్చి వ్రాసెడివాడు. నేడు ఆ జంకు తగ్గినది. వ్యాససూచికలను భద్రపఱచు ఒక డేటాబేసున రెండు పదములు వ్రాసి మీట నొక్కినంతనే “ఫలితములు 0” అని తెఱపై కనబడును. ఆ సున్నయే ప్రమాణమగుచున్నది. పూర్వపరిశోధన లేదను నిర్ణయము ఒక నిమిషములో ముగియుచున్నది.

ఈ నిర్ణయము తప్పైనచో కలుగు నష్టము ఒక వాక్యముతో పోవునది కాదు. ఎన్నడో ఒక పండితుడు ఏండ్లతరబడి శ్రమించి సాధించిన విషయము లేనిదిగా పరిగణింపబడును. అదే విషయమును మఱియొకడు మఱల మొదటినుండి సాధింపబూనును. ఆతని వ్యాసమును చదివిన మూడవవాడు ఆతనినే ఆద్యుడని ఉదాహరించును. ఇట్లు ఒక తరము చేసిన కృషి తరువాతితరమునకు అందకపోవును. డేటాబేసులను ఉపయోగింపవలదని దీని తాత్పర్యము కాదు. అవి లేని కాలమున ఒక వ్యాసమునకై నెలలు గడిపినవారికే వాని విలువ బాగుగా తెలియును. అవి చెప్పునదేమో, చెప్పనిదేమో వివేచింపక వాని మౌనమును సాక్ష్యముగా గ్రహించుట మాత్రము శాస్త్రమర్యాద కాదు.

అభావము ఎట్లు తెలియును అను ప్రశ్న ఈ దేశపు శాస్త్రములకు క్రొత్తది కాదు. భాట్టమీమాంసకులును, అద్వైతులును అనుపలబ్ధిని ప్రత్యేకప్రమాణముగా అంగీకరించిరి. నైయాయికులు దానిని వేఱు ప్రమాణముగా ఒప్పుకొనక, అభావమును సైతము ప్రత్యక్షముచేతనే గ్రహింతుమనిరి. ఈ వివాదమెట్లున్నను ఒక్క విషయమున ఉభయపక్షములకును ఏకాభిప్రాయము కలదు. కేవలము కనబడకపోవుట చాలదు, యోగ్యానుపలబ్ధి కావలయును. వెలుతురున్న గదిలో నేలమీద ఘటము కనబడనిచో ఘటము లేదని చెప్పవచ్చును. ఏలన, ఉన్నయెడల అది కనబడియే తీరవలెను. చీకటిగదిలో కనబడనిచో ఉన్నదనియు చెప్పరాదు, లేదనియు చెప్పరాదు. “ఉండినచో కనబడియుండెడిది” అను తర్కము నిలిచినచోటనే “కనబడలేదు” అనుటనుండి “లేదు” అనుటకు దారి కలదు. డేటాబేసు చూపు సున్నకు ఈ పరీక్షయే పెట్టవలసియున్నది. వెదకిన వ్యాసము ఉండినచో అది అచట కనబడుటకు యోగ్యమైనదేనా?

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు డేటాబేసు అనునది ఏమో తెలియవలయును. అది ప్రపంచమునందలి వ్యాసములన్నిటిని వెదకదు. తాను చేర్చుకొనిన సూచికను మాత్రమే వెదకును. ఇందు మూడు తెగలు కలవు. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ వంటివి తాము ఎన్నుకొనిన పత్రికలలోని వ్యాసముల శీర్షిక, గ్రంథకర్త, సంగ్రహము, ఉదాహృతగ్రంథములు మున్నగువానిని నమోదు చేయును. వ్యాసపు ఒడలిని వెదకవు. జె-స్టోర్ వంటివి తమవద్దనున్న పత్రికల పూర్తిపాఠమును వెదకును. అయితే పెక్కు పత్రికల కడపటి కొన్ని సంవత్సరముల సంచికలు అందు ఉండవు. 2004లో ఆరంభమైన గూగుల్ స్కాలర్ అంతర్జాలమున యంత్రమునకు అందినదానినెల్ల పోగుచేయును. కాని ఏ పత్రికలు చేరినవో, ఏవి చేరలేదో తెలుపు పట్టికను ప్రకటింపదు. ఒకే పదమును ఈ మూటియందును వ్రాసినచో మూడు వేఱువేఱు ప్రశ్నలు అడిగినట్లే యగును. సమాధానములు భిన్నములగుటలో వింత లేదు.

ఇక తెలుగువిషయమునకు వత్తము. కాశీనాథుని నాగేశ్వరరావుపంతులుగారు మద్రాసున 1924 జనవరిలో నెలకొల్పిన ‘భారతి’ 1991 వఱకు వెలువడినది. 1911లో స్థాపింపబడిన ఆంధ్రసాహిత్యపరిషత్తు తన పత్రికయందు ప్రాచీనకావ్యములను, లక్షణచర్చలను ప్రకటించినది. రాజమహేంద్రవరమున 1922లో ఏర్పడిన ఆంధ్రేతిహాసపరిశోధకమండలి పత్రికయందు శాసనములు, వంశచరిత్రలు చర్చింపబడినవి. దినపత్రికల ఉగాదిసంచికలయందును, సన్మానసంచికలయందును అచ్చైన వ్యాసములకు లెక్క లేదు. ఇరువదవ శతాబ్దమున తెలుగుభాషాసాహిత్యములను గూర్చిన చర్చలలో అధికభాగము ఇట్టి తావులయందే జరిగినది. స్కోపస్ పుట్టినది 2004లో; అప్పటికి భారతి ఆగిపోయి 13 సంవత్సరములైనది. కావున భారతిలోని వ్యాసము స్కోపసున కనబడలేదనుట, చీకటిగదిలో ఘటము కనబడలేదనుటయే.

గతించిన పత్రికలమాట అటుండ, నేడు నడచుచున్న పత్రికలకును ఆ ద్వారము సులభముగా తెఱవబడదు. స్కోపసున చేరగోరు పత్రికకు ఆంగ్లశీర్షికలును, ఆంగ్లసంగ్రహములును ఉండవలెననియు, ఉదాహృతగ్రంథములపట్టిక రోమనులిపియందు ఉండవలెననియు నియమము కలదు. తెలుగులిపిలో అధోజ్ఞాపికలు వ్రాయు పత్రికకు ఆ లిపియే అడ్డుగోడ యగుచున్నది. ఆ నియమమునకు సాంకేతికమైన కారణములు ఉండవచ్చును. కాని అట్టి నియమముతో వడపోయబడిన సూచికను చూచి తెలుగున పరిశోధన జరుగలేదని నిర్ణయించుట, రోమనులిపిలో వ్రాయబడనిది జ్ఞానము కాదని ఒప్పుకొనుటయే యగును. ఆ నిర్ణయమును చేయువారు విదేశీయులు కారు. తెలుగుశాఖలయందే సిద్ధాంతవ్యాసములు వ్రాయువారు, వానిని పరీక్షించువారు.

వెలుతురున్న గదియందు సైతము వెదకువాని కన్ను సరిగా లేనిచో ఘటము కనబడదు. పత్రిక డేటాబేసున ఉన్నను పదము సరిపడనిచో వ్యాసము దొరకదు. యంత్రము అర్థమును వెదకదు, అక్షరములను వెదకును అను సామాన్యసూత్రము ఇచట ముఖ్యము. నేటి యంత్రములు కొన్ని పర్యాయపదములను ఊహింపగలిగినను, పాతకాలపు పరిభాషను అవి ఊహించునని నమ్మరాదు. భాషపేరునే తీసికొందము. కేరీ 1814లో శ్రీరామపురమున ప్రకటించిన వ్యాకరణమున దీనిపేరు ‘తెలింగ’. క్యాంబెల్ 1816లో మద్రాసున ప్రకటించిన వ్యాకరణమున ‘టెలూగూ’. ఓ అను అక్షరమును రెండేసిమార్లు వ్రాసి ఆ దీర్ఘములను సాధించిరి. విలియం బ్రౌను వ్యాకరణమున ‘జెంటూ’. సి.పి. బ్రౌను 1840లో వ్యాకరణమును ప్రకటించునాటికి నేటి వర్ణక్రమము కుదిరినది. నేటి వర్ణక్రమముతో మాత్రమే వెదకు విద్యార్థికి, ద్రావిడభాషలు సంస్కృతజన్యములు కావని ఎల్లిస్ ప్రతిపాదించిన పీఠిక క్యాంబెల్ వ్యాకరణమునకే చేర్చబడియున్నదని తెలియు అవకాశము తక్కువ.

శాస్త్రపరిభాషయు ఇట్టిదే. ట, డ, ణ, ళ వర్ణములను నేటి భాషాశాస్త్రజ్ఞులు ఆంగ్లమున ‘రెట్రోఫ్లెక్స్’ అందురు. పందొమ్మిదవ శతాబ్దపు వ్యాసకర్తలు ‘సెరిబ్రల్’ అనిరి. కొందఱు ‘లింగువల్’ అనిరి. నేటి పదముతో మాత్రమే వెదకిన యెడల మూర్ధన్యములు ద్రావిడములా, ఆర్యభాషలు స్వయముగా పెంపొందించుకొనినవా అను వాదము ఇటీవల పుట్టినదని భ్రమ కలుగును. ఎమెనో 1956లో ‘లాంగ్వేజ్’ పత్రికయందు భారతదేశమును ఒక భాషామండలముగా నిరూపించిన వ్యాసము సుప్రసిద్ధము. అదే భావమును జర్మనుపదమగు ‘ష్ప్రాఖ్‌బుండ్’తో చెప్పినవారు కలరు, ‘కన్వర్జెన్స్’ అను పేర చర్చించినవారును కలరు. ఒక్క పదముతో వెదకువాడు చర్చలో మూడవవంతును మాత్రమే వినును. జానపదగేయములను గూర్చి బిరుదురాజు రామరాజుగారి గ్రంథము 1958లో వెలువడినది. అంతకు ఎంతో ముందే, 1874లో, ‘ఇండియన్ ఆంటిక్వెరీ’ యందు బాయిల్ అను ఆంగ్లేయుడు తెలుగు వీరగాథాకవిత్వమును గూర్చి వ్రాసియున్నాడు. ఆ వ్యాసపు శీర్షికలో ఉన్న పదము ‘బాలడ్’. జానపదగేయము అను భావమునకు నేడు వాడుకలోనున్న ‘ఫోక్ సాంగ్’ అను పదముతో శీర్షికలను వెదకినచో అది చిక్కదు. వెదకవలసిన విషయము ఏ కాలమున ఏ పేర వ్యవహరింపబడినదో తెలియుట పరిశోధకుని పని. యంత్రము పని కాదు.

గ్రంథకర్తల పేళ్ల విషయమున చిక్కు మఱింత హెచ్చు. తెలుగువారిలో ఇంటిపేరు ముందును, పెట్టినపేరు వెనుకను ఉండును. పాశ్చాత్యసూచికలు కడపటిపదమును ఇంటిపేరుగా భావించి, ముందుదానిని పొడియక్షరముగా కుదించును. ‘తెలుగు వెర్బల్ బేసెస్’ అను 1961 నాటి గ్రంథకర్తయగు భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఒకచో పూర్తిపేరుతోను, ఒకచో రెండక్షరముల సంక్షేపముతోను, ఒకచో ఏకాక్షరముతోను కనబడుదురు. ఆ ఏకాక్షరరూపమున వేఱు కృష్ణమూర్తులును పెక్కుమంది యుందురు. గిడుగువారి ఇంటిపేరుతో వెదకినచో కొన్ని సూచికలలో అసలు పలుకవు; రామమూర్తి అను పేర వెదకవలయును. ఆ పేరు రోమనులిపియందు ఎన్నివిధముల వ్రాయబడునో తెలుగువారికి చెప్పనక్కఱలేదు.

ఇక లిపి. తెలుగున తెలుగును వెదకుటయే సులభమని తోచును. కాని అచటను గోతులు కలవు. ఎఱ్ఱన అని శకటరేఫముతో వ్రాసినవానికి ఎర్రన అను రూపమున నున్న వ్యాసము దొరకకపోవచ్చును. అరసున్నతో వ్రాసిన ప్రతియందలి పదము, అరసున్న లేని పదముతో కలియదు. వాఙ్మయము అను పదము ‘వాంగ్మయము’ గాను, అచ్చుతప్పుచేత ‘వాజ్మయము’ గాను ఎన్నో శీర్షికలయందు కనబడును; మూడు రూపములను వెదకనిదే అన్వేషణము పూర్తికాదు. హలంతమునకును తరువాతి వర్ణమునకును మధ్య కంటికి కనబడని సంకేతమొకటి చేరిన యెడల, కంటికి ఒకటిగా తోచు రెండు పదములు యంత్రమునకు రెండుగా తోచును. సమాసములను కలిపి వ్రాయుట, విడదీసి వ్రాయుట మఱియొక చిక్కు. విభక్తిప్రత్యయములతో పదాంతము మాఱుచుండుటచేత ‘భారత’ అను మొదటిభాగముతో వెదకినచో ఇతిహాసమును వచ్చును, దేశమును వచ్చును, పత్రికయు వచ్చును.

తెలుగులిపికి 1991లోనే యూనికోడ్ అను అంతర్జాతీయసంకేతవిధానమున స్థానము లభించినది. అయినను ముద్రణాలయములు బహుకాలము తమతమ ప్రత్యేకఫాంట్లనే వాడినవి. అట్టి ఫాంట్లతో సిద్ధపఱచిన పి.డి.ఎఫ్. ప్రతి కంటికి చక్కని తెలుగుగా కనబడును. యంత్రమునకు మాత్రము అది రోమనక్షరముల అర్థరహితమైన వరుస. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీవారు పాతపత్రికలను ఛాయాప్రతులుగా అంతర్జాలమున ఉంచిరి. తెలుగుబిడ్డయగు రాజ్ రెడ్డిగారి ప్రేరణతో సాగిన వేయిగ్రంథముల, పదిలక్షలగ్రంథముల ఉద్యమములనుండి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా రూపొందినది. ఈ మహోపకారములను మఱువరాదు. అయితే ఛాయాప్రతి చదువుటకు పనికివచ్చును గాని వెదకుటకు పనికిరాదు. అందలి గ్రంథనామములు రోమనులిపియందు ఎవరికి తోచినట్లు వారు వ్రాయుటచేత, కలిగిన గ్రంథము కూడ లేనిదైన సందర్భములు పెక్కు.

కావున అన్వేషణము ఒక శాస్త్రముగా అభ్యసింపవలసినది. దాని మూలసూత్రము కఠినము కాదు. బూలు అను గణితజ్ఞుడు 1854లో ప్రకటించిన తర్కగణితమునుండి మూడు పదములు ఈ యంత్రములకు సంక్రమించినవి. ‘అండ్’ అనునది రెండు పదములును ఉన్న వ్యాసములను మాత్రమే నిలుపును. ‘ఆర్’ అనునది ఏదో యొకటి ఉన్నవానినెల్ల చేర్చును. ‘నాట్’ అనునది వలదన్నవానిని త్రోసివేయును. పర్యాయపదములను ‘ఆర్’ తో ఒక కుండలీకరణమున చేర్చి, భిన్నభావములను ‘అండ్’ తో కూర్చవలెను. పదబంధమును ఉద్ధరణచిహ్నముల నడుమ వ్రాసినచో ఆ పదములు ఆ వరుసలోనే వెదకబడును. పదము చివర నక్షత్రపుగుర్తు పెట్టినచో, దానిని అంగీకరించు డేటాబేసులయందు, మిగిలిన అంతరూపములెల్ల వచ్చును. ‘నాట్’ ను మాత్రము మిక్కిలి జాగ్రత్తతో వాడవలెను. వలదన్న పదము ప్రసంగవశమున ఒక్కమాఱు వచ్చినను మంచివ్యాసము జారిపోవును.

ఉదాహరణమునకు సవరభాషను గూర్చిన పరిశోధనను వెదకదలచినవాడు ‘సవర’ అని మాత్రమే వ్రాసిన యెడల తీరమునకు చేరడు. గిడుగు రామమూర్తిగారి 1931 నాటి వ్యాకరణగ్రంథపు శీర్షికయందే ‘సొర’, ‘సవర’ అను రెండు పేళ్లును కలవు. మొదటిదానిని వారు దీర్ఘచిహ్నములతో వ్రాసిరి. వారి నిఘంటువులు 1933, 1938 సంవత్సరములలో వెలువడినవి. ఒరియాప్రాంతపు రచనలయందు ‘సౌరా’ అను రూపము కనబడును. ఈ రూపములనెల్ల ‘ఆర్’ తో చేర్చి, భాష, వ్యాకరణము, ముండా అను అర్థము గల ఆంగ్లపదములను మఱియొక కుండలీకరణమున చేర్చి, రెంటిని ‘అండ్’ తో కలుపవలెను. లేనిచో అదే అక్షరములు గల ఊళ్లు, మనుష్యులు, ఓషధులు ఫలితములను నింపివేయును. భాషలకు ఏర్పడిన అంతర్జాతీయసంకేతములను అంగీకరించు సూచికలయందు ఆ సంకేతముతోనే వెదకుట మేలు. పేరు మాఱినను సంకేతము మాఱదు. అటుపిమ్మట దొరకిన మొదటి మంచివ్యాసమునుండి క్రొత్తపదములను ఏఱుకొని మఱల వెదకవలెను. ఒక్కసారి వెదకుట అన్వేషణము కాదు.

పదములతో వెదకుటకంటె ఉదాహరణములవెంట నడచుట ఒక్కొక్కప్పుడు సురక్షితము. గార్ఫీల్డ్ 1955లో ప్రతిపాదించి, 1964లో గ్రంథరూపమున తెచ్చిన ఉదాహరణసూచిక ఇందుకు మార్గము చూపినది. ఒక వ్యాసము ఎవరిని ఉదాహరించినదో చూచినచో వెనుకకు పోవచ్చును; ఆ వ్యాసమును ఎవరు ఉదాహరించిరో చూచినచో ముందుకు పోవచ్చును. మల్లినాథుని వ్యాఖ్యలను చదివినవారికి మొదటిది చిరపరిచితమే. రెండవది యంత్రము ఇచ్చిన వరము. ఎమెనో 1956 నాటి వ్యాసమునుండి ముందుకు నడచినచో భాషామండలచర్చ నేటివఱకు ఎట్లు సాగినదో తెలియును. అయితే తెలుగుపత్రికలయందు ఆ వ్యాసమును ఉదాహరించినవారు ఆ మార్గమున కనబడరు. వారి అధోజ్ఞాపికలు సూచికలకు అందలేదు. ఇచట మఱల గ్రంథాలయపు మెట్లు ఎక్కవలసినదే.

ఈ వాదమునకు ఒక ఆక్షేపణ కలదు. డేటాబేసులు మేలైన పత్రికలను మాత్రమే చేర్చుకొనును. చేరని పత్రికలలోని వ్యాసములు ప్రమాణయోగ్యములు కావు. కావున వానిని చూడకున్నను నష్టము లేదని కొందఱందురు. ఇది రెండు ప్రశ్నలను కలగలుపుట. వ్యాసము మంచిదా కాదా అనునది ఒక ప్రశ్న. ఉన్నదా లేదా అనునది మఱియొకటి. చెడ్డవ్యాసమును చదివి ఖండింపవచ్చును గాని చదువక లేదనరాదు. పత్రికల యోగ్యతను నిర్ణయించు పట్టికలు సైతము స్థిరములు కావు. విశ్వవిద్యాలయధనసహాయసంఘము 2018లో తలపెట్టిన ‘కేర్’ పట్టిక 2025లో విరమింపబడినది. నిన్న పట్టికలో ఉండుటచేత యోగ్యమైన వ్యాసము, పట్టిక పోయినంతమాత్రమున అయోగ్యము కాదు. భారతియందలి చర్చలు ఏ పట్టికయందును ఉండి యోగ్యత సంపాదించుకొనలేదు. చదివినవారి ఖండనమండనములచేత సంపాదించుకొనినవి.

రెండవ ఆక్షేపణ క్రొత్తది. ప్రశ్న అడిగినచో సమాధానమును, వ్యాసముల పట్టికను తామే వ్రాసి ఇచ్చు కృత్రిమమేధాయంత్రములు వచ్చినవి గావున, ఈ అన్వేషణవిద్యతో ఇక పనిలేదందురు. ఈ యంత్రములు కొన్ని వేళల ఎన్నడును వ్రాయబడని వ్యాసములను సైతము శీర్షిక, గ్రంథకర్త, సంవత్సరములతో కల్పించి చూపుట అనుభవసిద్ధము. డేటాబేసు చీకటిగదిలో ఉన్న ఘటమును చూపలేదు. ఈ యంత్రము అదే చీకటిలో త్రాటిని పాముగా చూపును. దోషములు విరుద్ధములుగా తోచినను కారణము ఒక్కటే: వెలుతురు లేకపోవుట. తెలుగుపత్రికల విశ్వసనీయమైన సూచిక ఉన్నప్పుడు రెండు భ్రమలును ఒకేసారి తొలగును. అది లేనంతకాలము ఎంత గొప్ప యంత్రమైనను ఊహతోనే పని నడుపును.

2024 నవంబరు 25న కేంద్రమంత్రివర్గము అంగీకరించిన ‘ఒక దేశము, ఒక చందా’ పథకముచేత 30 అంతర్జాతీయప్రచురణసంస్థల ఇంచుమించు 13,000 పత్రికలు ప్రభుత్వవిద్యాసంస్థలకు అందుబాటైనవి. 2025, 2026, 2027 సంవత్సరములకు దీనికై 6,000 కోట్ల రూపాయలు కేటాయింపబడినవి. చిన్న ఊరి కళాశాలవిద్యార్థికి సైతము పెద్దపత్రికలు అందుట సంతోషింపదగిన విషయము. కాని తెఱపై ఫలితములు ఎంత నిండుగా కనబడునో, కనబడనిది లేదను భ్రమయు అంత గట్టిపడును. కొనిన జ్ఞానమునకు ద్వారములు తెఱచుచున్న ఈ వేళ, స్వంత ఇంటిలోని పెట్టెకు తాళపుచెవి చేయించుకొనుట మఱువరాదు.

ఆ తాళపుచెవికి పెద్దధనము అక్కఱలేదు. భారతిని ఉదాహరణముగా గ్రహింతము. 1924 మొదలు 1991 వఱకు మాసపత్రికగా వెలువడిన దాని సంచికలు ఇంచుమించు 800. ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క సంవత్సరపు 12 సంచికలకు సూచిక కూర్చినచో, 70 మందికి లోపుగనే పని ముగియును. తెలుగుశాఖలు గల విశ్వవిద్యాలయములు దేశమున పెక్కు కలవు. స్నాతకోత్తరవిద్యార్థులకు ఇది ఒక అభ్యాసముగా విధింపవచ్చును. ప్రతివ్యాసమునకు శీర్షిక యథామాతృకముగా తెలుగులిపిలోను, 2001లో ఏర్పడిన ఐ.ఎస్.ఓ. 15919 పద్ధతిని అనుసరించి రోమనులిపిలోను, విషయసూచకపదములు తెలుగున, ఆంగ్లమున వ్రాయవలెను. గ్రంథకర్తపేరు ఇంటిపేరుతో పూర్తిగా ఉండవలెను. వేటపాలెమున 1918లో స్థాపింపబడిన సారస్వతనికేతనము వంటి గ్రంథాలయములు ఈ సంపుటములను ఏండ్లతరబడి కాపాడుచు వచ్చినవి. కాపాడినవారి శ్రమకు సూచికయే తగిన ప్రత్యుపకారము. రంగనాథన్‌గారు భారతి పుట్టిన 1924లోనే, అదే మద్రాసున, విశ్వవిద్యాలయగ్రంథాలయాధికారియైరి. 1931లో వారు ప్రకటించిన అయిదు సూత్రములలో ఒకటి, చదువరి కాలమును ఆదాచేయవలెననునది. సూచిక లేని సంపుటము ఆ సూత్రమునకు నిత్యోల్లంఘనము.

సూచికలు సిద్ధమగులోపున సిద్ధాంతవ్యాసములయందు ఒక చిన్నమార్పు వెంటనే చేయవచ్చును. పూర్వపరిశోధనను సమీక్షించు ప్రకరణమున, ఏ డేటాబేసులు ఏ తేదీన చూడబడినవో, ఏ పదములు ఏ వర్ణక్రమములతో వెదకబడినవో, ఏ పత్రికల ఏ సంపుటములు చేతితో తిరుగవేయబడినవో, ఏవి లభింపలేదో ఒక్క పుటలో వ్రాయవలెను. సంస్కృతగ్రంథసంపాదకుడు తాను చూచిన తాళపత్రప్రతులను ఏకరువుపెట్టుట శాస్త్రమర్యాదయైనట్లే, ఇదియు మర్యాద కావలెను. పరీక్షకులు ఆ పుటను అడుగవలెను. అది లేనిచో “పరిశోధన లేదు” అను వాక్యమును కొట్టివేయవలెను. “ఇన్నిచోట్ల, ఈ రీతిని వెదకగా దొరకలేదు” అను వాక్యమునకు ఎవ్వరును ఆక్షేపణ చెప్పజాలరు. అది తరువాతివానికి ఎచట వెదకవలయునో కూడ తెలుపును.

నమ్రత కొఱకు చెప్పు మాట కాదిది. ప్రామాణ్యము కొఱకు చెప్పునది. పాతసంపుటములయందలి వ్యాసకర్తలలో పెక్కుమంది ఏ విశ్వవిద్యాలయమునందును పనిచేసినవారు కారు. బడిపంతుళ్లు, గ్రామకరణములు, న్యాయవాదులు దీపపువెలుతురున శాసనప్రతులను చదివి, పాఠభేదములను పోల్చి వ్రాసి పంపిన వ్యాసములవి. వారు తమ తరువాత వచ్చువారు చదువుదురను విశ్వాసముతో వ్రాసిరి. చదివి అంగీకరింపకపోవుట ఆ విశ్వాసమునకు భంగము కాదు. వెదకక, లేరని వ్రాయుట మాత్రము భంగమే.